జుట్టు బిళ్ల

మా ఆయన నెత్తిమీద జుట్టు మొలుస్తోంది. అరవైకి దగ్గర పడుతున్న మనిషికి, నుదుటి పైన ఎన్నో ఏళ్లుగా నున్నగా ఉన్న చోట, పసిపిల్లల తలమీద ఉండేలాంటి మెత్తటి నూగు. చూసినవాళ్లంతా సంతోషపడుతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ జుట్టు ఎందుకొస్తోందో నాకు తెలుసు. ఆయన ఒంట్లో మగ హార్మోన్ అన్నది తయారవకుండా డాక్టర్లు సూదులు వేస్తున్నారు. ఎముకల్లోకి పాకిన కేన్సర్ ఇంకా పాకకుండా ఉండటానికి ఆ సూదులు. జుట్టు వాటి వెనకాల పిలవని పేరంటంలా వచ్చింది. ఈ మనిషి ఇంకెన్నాళ్లు నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతారా అని నేను కుమిలిపోతుంటే, "అబ్బో, కుర్రాడైపోతున్నారండీ" అని ఎవరో ఒకరు అననే అంటారు.

ఈ జుట్టు గోల మా ఇంట్లో ఇవాళ్టిది కాదు. వన్ టౌన్‌లో మాది ఫ్యాన్సీ సామాను హోల్‌సేల్ కొట్టు. దువ్వెనలు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, బొట్టుబిళ్లలు, చేతి అద్దాలు. మా మామగారు పెట్టిన కొట్టు. బోర్డు మీద అమ్మవారి పేరు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ పేరు చెబితే పక్క సందులోవాళ్లకి కూడా తెలియదు. "బట్టతలాయన కొట్టు" అంటే మాత్రం రిక్షావాళ్లు నేరుగా తెచ్చి మెట్ల ముందు దింపేవాళ్లు. వన్ టౌన్‌లో అంతే. మనిషికి ఏది ఎక్కువో ఏది తక్కువో అదే కొట్టుకి పేరైపోతుంది. మా మామగారు పట్టించుకునేవారు కాదు. "బేరం వస్తోందిగా, ఏ పేరైతే ఏంట్రా" అనేవారు. మా ఆయనకి మాత్రం బళ్లో చదివే రోజులనుంచీ అది ముల్లులా గుచ్చుకుంటూ ఉండేదిట. మామగారు పోయాక కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్న రోజే నాతో అన్నారు, "ఈ పేరు నాన్నతోనే పోవాలే. నా దాకా రాకూడదు" అని.

ఏం లాభం? నలభై నిండకుండానే నుదురు వెనక్కి జరగడం మొదలైంది. నడినెత్తిన కూడా పల్చబడింది. ఇక చూడాలి మా ఇంట్లో వైద్యాలు! గుంటగలగరాకు నూనె కాచాం. గురివింద గింజలు అరగదీసి రాశాం. ఉల్లిపాయ రసం పట్టించుకుని కొట్టుకెళ్తే, సరుక్కొచ్చిన ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బేరమాడేవాళ్లు. స్కూటర్ మీద బ్యారేజీ దాటుతుంటే, చెవి పక్కనుంచి దువ్వి అటు అతికించిన జుట్టంతా కృష్ణ గాలికి లేచి నిలబడేది. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి నెత్తిమీద. వెనక కూర్చున్న నాకు ప్రాణాలు గుప్పెట్లో ఉండేవి. "ఏవండీ, జుట్టు పోతే పోయింది, మనం పోయేట్టున్నాం, రెండు చేతులూ వెయ్యండి" అని అరిచేదాన్ని. "నువ్వూరుకోవే" అనేవారు.

చివరికి ఈ ఉల్లిపాయ కంపు భరించలేక సూర్యారావుపేటలో ఒక చర్మవైద్యుడి దగ్గరికి నేనే లాక్కెళ్లాను. ఆయన నెత్తిమీద లైటు వేసి చూసి, బొమ్మ గీసి మరీ చెప్పారు.

"నూనెల వల్లా షాంపూల వల్లా వచ్చేది కాదండీ ఇది. హార్మోన్ చేసే పని. మగవాళ్లందరికీ మగ హార్మోన్ ఉంటుంది కదా, అందులో కొంత ఒంట్లోనే ఇంకో రూపంలోకి మారుతుంది. అది ఇంకా గట్టిది. పుట్టుకతో ఆ గుణం వచ్చినవాళ్లకి నుదుటి పైనా నడినెత్తినా ఉండే కుదుళ్లు దాన్ని తట్టుకోలేవు. చిన్నవైపోతాయి. ఊడినప్పుడల్లా మళ్లీ వచ్చేది ఇంకాస్త సన్నగా వస్తుంది. ఆఖరికి నూగైపోతుంది. పక్కలా వెనకా ఉండే కుదుళ్లకి ఆ బాధ లేదు. అందుకే అక్కడ మిగులుతుంది."

నా నోరు ఊరుకోదుగా. "అయితే మగతనం ఎక్కువై ఊడుతోందా అండీ?" అన్నాను. మా ఆయన మొహం చూడాలి, వెయ్యి బల్బులు వెలిగాయి. డాక్టరుగారు నవ్వారు. "ఎక్కువేం కాదమ్మా, అందరికీ ఉన్నంతే. ఈయన కుదుళ్లే ఓర్చుకోలేకపోతున్నాయి" అన్నారు. వెలిగిన బల్బులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. దారంతా నేను నవ్వుతూనే ఉన్నాను, ఆయన మూతి ముడుచుకునే ఉన్నారు.

నెత్తికి రాసుకోవడానికి ఒక మందునీళ్ల సీసా, రోజూ వేసుకోవడానికి ఒక చిన్న బిళ్ల రాసిచ్చారు. హార్మోన్ ఆ గట్టి రూపంలోకి మారకుండా బిళ్ల ఆపుతుందట. పోయిన జుట్టు చాలావరకు రాదుగానీ ఉన్నది నిలబడుతుందన్నారు. "ఎన్నాళ్లు వాడాలండీ?" అని మా ఆయన అడిగితే, "జుట్టు కావాలనుకున్నన్నాళ్లూ. ఆపితే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు.

మా ఆయనకి ఆ మాట వేదవాక్కైపోయింది. సీసా కొన్నాళ్లకి విసుగొచ్చి మానేశారుగానీ బిళ్ల మాత్రం మానలేదు. పొద్దున టిఫిన్ అవగానే వేసుకోవాల్సిందే. పెళ్లిళ్లకెళ్లినా, తిరుపతి వెళ్లినా, జేబులో ఉండాల్సిందే. నేనే దానికి జుట్టు బిళ్ల అని పేరుపెట్టాను. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లింది లేదు. మెడికల్ షాపతను మా ఆయన్ని చూడగానే అడక్కుండానే తీసి కవర్లో వేసేవాడు. నుదుటి మీద పోయింది పోయినట్టే ఉందిగానీ, నడినెత్తిన నిజంగానే నిలబడింది. పక్కనుంచి దువ్వుకుంటే ఫరవాలేదనిపించేది. ఎవరైనా, "మీకు నాన్నగారి పోలిక రాలేదండీ" అంటే చాలు, ఆ రోజు మా ఇంట్లో పండగే. "మాది అమ్మ వైపు జుట్టండీ. మా మేనమామలంతా ఒత్తు జుట్టువాళ్లే" అని కోతలు కోసేవారు. నేను లోపల్నుంచి వింటూ నవ్వుకునేదాన్ని. నిజానికి ఆ మేనమామల్లో ఒక్కరి నెత్తిన కూడా చారెడు జుట్టు లేదు.

కొట్టు పేరు నెమ్మదిగా దువ్వెనల కొట్టయింది. ఇంక ఈ మనిషికి కావలసిందేముంది? బీపీ లేదు, షుగర్ లేదు. "నేను మందన్నది ముట్టనండీ" అని అందరితో గొప్పలు. జుట్టు బిళ్లని ఆయన మందుల్లో వెయ్యలేదు. కొబ్బరినూనె లెక్కలోనే వేశారు.

మా కొట్లవాళ్ల సంఘం ఒకసారి కల్యాణమండపంలో ఆరోగ్య పరీక్షల క్యాంపు పెట్టింది. పొద్దున్నే పరగడుపున అందరం వెళ్లాం. ఆడవాళ్లకి భోజనాల హాల్లో, మగవాళ్లకి పెళ్లిమండపం ముందు. నేను ఇటు రక్తం ఇచ్చి కూర్చున్నాను. అటు ఏం జరిగిందో తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పారు. ప్లాస్టిక్ బల్ల ముందు ఒక కుర్ర డాక్టరు. వెనక క్యూలో మా కొట్ల కాంప్లెక్స్ వాళ్లంతా ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తూ నించున్నారట. ఒకరి జబ్బులు ఒకరు వినడం వాళ్లకి అదో కాలక్షేపం. గాజుల కొట్టాయన షుగర్ సంగతి బయటపడి అప్పటికే నవ్వుకుంటున్నారట.

"రాత్రిళ్లు ఒంటేలుకి ఎక్కువసార్లు లేస్తున్నారా?" అని ఆ డాక్టరు అడిగాడట. అవునన్నారు. అది అప్పటికే ఉంది. "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేవండీ" అన్నారట మా ఆయన.

అంతే. ఆ రెండు ముక్కలే. అక్కడ నేనుంటే క్యూలో ఎవరున్నారని చూసేదాన్నా? గొంతు చించుకుని చెప్పేదాన్ని. ఆయన మాత్రం ఎలా చెప్తారు? అమ్మ వైపు జుట్టని అన్నేళ్లు చెప్పుకున్న మనిషి, జుట్టు నిలబెట్టుకోవడానికి బిళ్లలు మింగుతున్నానని ఆ గాజుల కొట్టాయన వినేట్టు ఎలా చెప్తారు? చెబితే సాయంత్రానికల్లా వన్ టౌన్ అంతా పాకేది. దువ్వెనల కొట్టు మళ్లీ బట్టతలాయన కొట్టయ్యేది.

యాభై దాటిన మగవాళ్లకి ప్రోస్టేట్ పరీక్ష కూడా ఆ క్యాంపులో కలిపి చేశారు. మూత్రసంచి కింద మగవాళ్లకి ఉండే గ్రంథి అది. అందులో తేడా ఉంటే రక్తంలో ఒక అంకె పెరుగుతుందట. మా ఆయన అంకె హద్దుల్లోనే వచ్చింది. లేవడం వయసు వల్లే, నీళ్లు తక్కువ తాగమన్నారు. ఇంటికొచ్చి, "చూశావా, అన్నీ నార్మలే" అని కాగితాలు నా ముందు విసిరారు. నేను ఆ శుక్రవారం కొండెక్కి దుర్గమ్మకి కుంకుమపూజ చేయించాను. మనసు తేలికపడింది.

ఆ తర్వాత నడుంనొప్పి మొదలైంది. అట్టపెట్టెలు ఎత్తితే వచ్చిందనుకున్నాం. తైలాలు రుద్దాను, ఇసుక కాపడం పెట్టాను. మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలంటే పళ్లు బిగబట్టే దాకా వచ్చింది. అప్పుడు స్కానింగ్ తీశారు. వెన్నెముకలో, తుంటి ఎముకలో మచ్చలు. అక్కణ్ణించి కేన్సర్ డాక్టరుగారి దగ్గరికి పంపారు.

ఆ డాక్టరుగారు బాగా మాట్లాడే మనిషి. ఏదడిగినా విసుక్కోరు. పాత కాగితాలన్నీ తిరగేసి, "ఈ అంకె ఇలా ఉండగా ఎముకల దాకా వెళ్లడం ఏంటి?" అని తనలో తనే అనుకున్నారు. "ఏం మందులు వాడుతున్నారు?" అనడిగారు.

"ఏం లేవండీ" అన్నారు మా ఆయన, అలవాటుగా.

"జుట్టు బిళ్ల వేసుకుంటారండీ. చాలా ఏళ్లనుంచి" అన్నాను నేను.

రాస్తున్న పెన్ను ఆగిపోయింది. బిళ్ల పేరేంటని అడిగారు. జేబులోంచి తీసి చూపించారు మా ఆయన. డాక్టరుగారు ఆ రేకుని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టారు.

"ఈ బిళ్ల వాడేవాళ్లకి ఆ అంకె దాదాపు సగానికి పడిపోతుందండీ. మాకు తెలిస్తే రెట్టింపు చేసి చూసుకుంటాం. ఆ క్యాంపులో వచ్చిన అంకెని రెట్టింపు చేసుంటే, అది హద్దు దాటినట్టే."

"ఈ బిళ్ల వల్లే వచ్చిందా అండీ ఇది?" అన్నాను.

"కాదమ్మా, దీనివల్ల రాలేదు. అలా అనుకోకండి. రోగం దాని దారిన అది వచ్చింది. మనకి కనపడలేదు, అంతే."

"అప్పుడే కనపడుంటే?"

"అప్పటికి గ్రంథి దాటి ఉండకపోవచ్చు" అన్నారు.

దేవుడా! ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన మీద కోపం, ఆ క్యూలో నించున్నవాళ్లందరి మీదా కోపం, మా మామగారి బట్టతల మీద కోపం. రోగంతో ఉన్న మనిషిని తిట్టలేం కదా. అయినా ఒకరోజు ఆపుకోలేక, "ఎందుకు చెప్పలేదండీ?" అనేశాను. "జుట్టుకి వాడేదాన్ని కూడా మందంటారని నాకేం తెలుసే" అన్నారు. మళ్లీ తనే, "పక్కన అంతమంది ఉంటే..." అని ఆపేశారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు.

వైద్యం మొదలుపెడుతూ డాక్టరుగారు చెప్పారు, ఈ రోగానికి మగ హార్మోనే తిండి, తిండి ఆపేస్తే అణుగుతుంది అని. కొన్నేళ్లు కూడా అణిగి ఉండొచ్చు, ఎన్నాళ్లన్నది చెప్పలేం, పూర్తిగా పోదు అన్నారు. మా ఆయన తల వంచుకుని, "అంటే ఇంక నేను..." అని నా వైపు చూశారు. సూది పడ్డాక ఆ మనిషే మారిపోయారు. ఛాతీ మీద వెంట్రుకలు రాలిపోయాయి. గడ్డం పల్చబడింది. రొమ్ములు కాస్త ఉబ్బి, బనీను మీద మందపాటి చొక్కా వేసుకోవడం మొదలుపెట్టారు. కొట్టులో ఫ్యాను కింద కూర్చుని ఉండగానే ఒళ్లంతా ఆవిర్లు లేచి చెమటతో తడిసిపోయేవారు. ఆడవాళ్లకి ముట్టుడిగేటప్పుడు వచ్చే ఆవిర్లే అవి. "నాకు తగ్గాయని మీకిచ్చాడండీ దేవుడు. ఇంట్లో ఒకరికైనా ఉండాలిగా" అన్నాను ఒకసారి, విసనకర్రతో విసురుతూ. నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చారు. ఈమధ్య ఏడుపు తొందరగా వస్తోంది ఆయనకి. టీవీలో పిల్లల సబ్బు ప్రకటన వచ్చినా కళ్లు తుడుచుకుంటున్నారు.

నొప్పి మాత్రం తగ్గింది. అంకె పడిపోయింది. అలా ఉండగా ఈ జుట్టు మొదలైంది.

గుడివాడనుంచి మా పెద్ద వదిన వచ్చింది, అంటే ఆయన అక్కగారు. గుమ్మంలోనే తమ్ముడి తల నిమిరి, "ఒరేయ్, జుట్టొస్తోందిరా నీకు!" అని కేకేసింది. వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, కేన్సరంటే ఉన్న జుట్టు ఊడాలి కదే. మా వీధిలో ఇద్దరికి చూశాను. వీడికి మొలుస్తోందంటే ఏంటర్థం? రోగం పోయిందే! అసలది కేన్సరో కాదో. డాక్టర్లు ఏదో చూసి ఏదో అనుకుని ఉంటారు" అంది.

"అది సూది వల్ల వదినా. మగ హార్మోన్ లేకపోతే కుదుళ్లకి..." అని నేను చెప్పబోయాను.

"నీకన్నీ అనుమానాలే. మంచి జరుగుతుంటే ఒప్పుకోవు" అని కొట్టిపారేసింది.

సాయంత్రానికి కొట్టుకొచ్చినవాళ్లు, ఎదురింటివాళ్లు, అందరిదీ అదే మాట. మొహం కూడా నున్నగా మెరుస్తోందన్నారు. మెరవదూ మరి, నీరు చేరితే! మా ఆయన అద్దం ముందు నించుని వేలితో ఆ నూగుని తడుముకుంటూ, "అక్క చెప్పింది నిజమేనేమోనే. ఈసారి సూది వద్దంటావా?" అన్నారు. నేను గట్టిగా కేకలేశాను. కానీ నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. తెలిసి తెలిసీ పుట్టింది. తలకి నూనె రాస్తుంటే వేళ్ల కింద ఆ మెత్తదనం తగిలేది. ఇంత బతుకు లోపల లేకపోతే బయటికెలా వస్తుంది అనిపించేది. వదిన ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పాటలు పెట్టుకున్నాం. గోంగూర పచ్చడి నూరాను. ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. వదిన ఆ సంతోషంతోనే గుడివాడ బస్సెక్కింది.

సూది రోజు నేనే ఆటో పిలిచి ఎక్కించాను. రక్తం తీశారు. అంకె పెరిగింది. ఇంకోసారి చూద్దామని కొన్ని వారాలాగి మళ్లీ తీశారు. ఇంకా పెరిగింది. కొత్త స్కానింగులో పక్కటెముకల్లో కూడా మచ్చలు కనపడ్డాయి. సూదితోపాటు వేరే బిళ్లలు కలిపారు. అవి కొన్నాళ్లు ఆపినట్టే ఆపి వదిలేశాయి.

"తిండి లేకుండా బతకడం దానికి అలవాటైపోయిందమ్మా" అన్నారు డాక్టరుగారు.

దానికి అలవాటైంది. జుట్టు మాత్రం మొలుస్తూనే ఉంది.

మొన్న వెళ్లినప్పుడు కీమో గురించి చెప్పారు. చిన్నపిల్లలకి చెప్పినట్టు అన్నీ విడమరిచి చెప్పారు. సెలైన్‌లో ఎక్కిస్తాం, వాంతులకి ముందే మందిస్తాం, జ్వరం వస్తే వెంటనే రండి, నోరు పూస్తే ఇలా పుక్కిలించండి. దీనితో నయమవుతుందని మాత్రం ఎక్కడా అనలేదు. నేను ప్రతి ముక్కకీ తలూపుతున్నాను. మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. వింటున్నారో లేదో కూడా తెలియలేదు.

"జుట్టు ఊడుతుందా అండీ?" అన్నారు ఉన్నట్టుండి.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. "ఇప్పుడు కూడా జుట్టేనా అండీ మీకు! ఇంకా బుద్ధి రాలేదా!" అన్నాను, డాక్టరుగారు ఉన్నారని కూడా చూడకుండా.

డాక్టరుగారు నవ్వి నన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. "ఊడుతుందండీ. దానికేం దిగులుపడకండి. కీమో ఆపేశాక కొన్ని నెలల్లో మళ్లీ వచ్చేస్తుంది."

"వచ్చేదాకా నేనుంటానా?"

ఏదడిగినా జవాబు చెప్పే మనిషి ఆయన. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "వచ్చే వారం మొదలుపెడదాం లెండి" అన్నారు.

మా ఆయన నా వైపు తిరిగారు. "విన్నావుగా" అన్నారు.

విన్నాను.